చెన్నై నంబరు 2011 సీబీఆర్ 250ఆర్: హెడ్‌లో టకటక, తాళం తిప్పగానే ఫ్యాను. తీసుకోవచ్చా?

కావలి_250:
అన్నలూ, మా కావలిలో ఒక హోండా సీబీఆర్ 250ఆర్ బైకు అమ్మకానికి ఉంది. 2011 బండి, సీ-ఏబీఎస్ (ముందు, వెనక బ్రేకులు కలిసి పనిచేసే ఏబీఎస్) మోడలు, తమిళనాడు నంబరు, 46 వేల కిలోమీటర్లు. పొద్దున్నే మొదటిసారి స్టార్ట్ చేస్తే హెడ్ దగ్గర టకటకమంటుంది, రెండు మూడు నిమిషాలకి తగ్గుతుంది. తాళం తిప్పీ తిప్పగానే, ఇంజిన్ ఇంకా స్టార్ట్ చేయకముందే, రేడియేటర్ ఫ్యాన్ తిరుగుతోంది. మీటర్లో పసుపు లైటు వెలిగి ఆరుతోంది. కూలెంట్ డబ్బాలో రంగు లేదు, తెల్లగా నీళ్ళలా ఉంది. షెడ్డాయన "ఇంజిన్ దించాలి" అంటున్నాడు. నిజమేనా?

స్పానర్_ఒంగోలు:
ఇంజిన్ ఎందుకు దించడం తమ్ముడూ, ముందు ఆ లైటు ఎన్నిసార్లు కొడుతోందో లెక్కపెట్టు. సైడ్ స్టాండ్ వేసి, న్యూట్రల్‌లో తాళం ఆన్ చెయ్. పొడుగ్గా వెలిగితే 10, పొట్టిగా వెలిగితే 1. ఏడు పొట్టివి వస్తే ఈసీటీ, అంటే కూలెంట్ వేడి చెప్పే సెన్సరు. దాని నుంచి సరైన కబురు రాకపోతే ఈసీఎం (ఇంజిన్‌ని నడిపే కంప్యూటరు) ముందుజాగ్రత్తగా ఫ్యాన్‌ని ఆపకుండా తిప్పుతుంది. నువ్వు చెప్పిన గుర్తులు దానికి సరిగ్గా సరిపోతున్నాయి. సెన్సరు కొనే ముందు దాని కనెక్టరు ఊడదీసి చూడు. సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో పిన్నుల మీద పచ్చగా చిలుము పడుతుంది. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, సన్న బ్రష్‌తో రుద్ది, ఆరాక బిగించు. అప్పటికీ ఏడే కొడితే సెన్సరు మార్చు. అది బాగయ్యేదాకా మీటర్లో వేడి ఎంత చూపించినా నమ్మొద్దు.

నన్నడిగితే అసలు భయపడాల్సింది ఆ తెల్ల నీళ్ళకి. ఎవరో కూలెంట్ బదులు బోరు నీళ్ళు పోశారు. మన వైపు బోరు నీళ్ళు ఎట్లాంటివో బిందె అడుగు చూస్తే తెలుస్తుంది. అదే ఉప్పు రేడియేటర్ సన్న గొట్టాల్లోనూ పేరుకుంటుంది. ఇంజిన్ పూర్తిగా చల్లారాక మూత తీసి లోపల వేలు పెట్టి చూడు, వేడి మీద మాత్రం ముట్టుకోవద్దు. గరుకుగా తెల్ల పొర తగిలితే ధర తగ్గించమను. గోధుమరంగు నురగ గానీ నూనె గానీ కనిపిస్తే హెడ్ గ్యాస్కెట్ అనుమానం, వదిలేసి వచ్చెయ్.

పొర మాత్రమే అయితే వాటర్ పంపు దగ్గరి డ్రెయిన్ బోల్టు తీసి మొత్తం వదిలెయ్యి, బోల్టుకి కొత్త వాషరు వెయ్యి. డిస్టిల్డ్ వాటర్ నింపి, థర్మోస్టాట్ (వేడెక్కాక కూలెంట్‌ని రేడియేటర్‌లోకి వదిలే వాల్వు) తెరుచుకుని కింది హోసు వేడెక్కేదాకా నడిపి, చల్లారాక మళ్ళీ వదులు. నీళ్ళు తేటగా వచ్చేదాకా రెండు మూడుసార్లు ఇదే పని. ఆ తర్వాత అల్యూమినియం ఇంజిన్లకి పనికొచ్చే రెడీ మిక్స్ కూలెంట్. మూత తీసే ఉంచి ఇంజిన్ నడుపు, గాలి బుడగలు ఆగాక నింపి మూత పెట్టు.

తర్వాత కూడా ట్రాఫిక్‌లో మాత్రమే వేడెక్కి హైవేలో దిగితే ఫ్యాన్, దాని ఫ్యూజు, రిలే చూడాలి, లేదా రేడియేటర్ రెక్కల్లో మట్టి. హైవేలో 80 మీద పోతున్నా వేడెక్కితే లోపల పారుదల లేనట్టు: థర్మోస్టాటో, పంపో, మూసుకుపోయిన రేడియేటరో.

ట్యాపెట్_గేజి:
టకటక సంగతి నేను చెప్తా. అది ట్యాపెట్ల సౌండు, అంటే వాల్వులకీ వాటిని నొక్కే రాకర్లకీ మధ్య గ్యాపు వల్ల వచ్చేది కావచ్చు. సౌండు వచ్చే ట్యాపెట్ కంటే రాని ట్యాపెట్ ప్రమాదం. గ్యాపు తగ్గిపోతే వాల్వు పూర్తిగా మూసుకోదు, ఎగ్జాస్ట్ వాల్వు కాలుతుంది, వేడి మీద స్టార్టింగ్ మొరాయిస్తుంది. గ్యాపు ఇంటేక్‌కి 0.16, ఎగ్జాస్ట్‌కి 0.27 మిల్లీమీటర్లు, రెండిటికీ అటూ ఇటూ 0.03. కొలిచేటప్పుడు ఇంజిన్ 35 డిగ్రీల లోపు ఉండాలి. మే నెలలో మన దగ్గర మధ్యాహ్నం ఏ ఇంజినూ 35కి దిగదు, రాత్రంతా నీడలో పెట్టి తెల్లారుజామున కొలవాలి.

డీఓహెచ్‌సీ (హెడ్‌లో రెండు క్యామ్‌లు) అని షెడ్డుల్లో భయపెడతారు గానీ, ఇందులో రోలర్ రాకర్లు. రాకర్‌ని పక్కకి జరిపి షిమ్ (గ్యాపు సరిచేసే చిన్న బిళ్ళ) మార్చొచ్చు, క్యామ్‌లు తీయక్కర్లేదు. కౌలింగులు (పక్క ప్లాస్టిక్ కవర్లు), ట్యాంకు విప్పడమే సగం పని. గ్యాపులు సరిగ్గానే ఉన్నా సౌండు వస్తుంటే టైమింగ్ చైన్ టెన్షనర్ చూడాలి.

ఆయిల్ 10డబ్ల్యూ-30, జాసో ఎంఏ (బైకు క్లచ్‌కి సరిపడే రకం) అని రాసి ఉన్నది. ఫిల్టర్ మారిస్తే 1.5 లీటర్లు, మార్చకపోతే 1.4. కారు ఆయిల్ పోస్తే క్లచ్ జారుతుంది.

సీ-ఏబీఎస్ కాబట్టి ఇంకో మాట. ముందు క్యాలిపర్‌లో మూడు పిస్టన్లు. మధ్యది కాలి బ్రేకుతో పనిచేస్తుంది. గాలి తీసేటప్పుడు దాన్ని మర్చిపోతే పెడల్ మెత్తగానే ఉండిపోతుంది. డాట్ 4 ఫ్లూయిడ్, రెండేళ్ళకోసారి. టైర్ల మీద నాలుగంకెలు చూడు: 2418 అంటే 2018లో 24వ వారం తయారీ. గాట్లు ఎంత లోతున్నా ఆ వయసు రబ్బరు వానలో పట్టదు.

కావలి_250:
లెక్కపెట్టా అన్నా, ఏడే. కనెక్టరు పచ్చగా ఉంది. కాయితాల సంగతి కూడా చెప్పండి.

ఫారం_28:
బండి ఎంత బాగున్నా అసలు చిక్కు ఇక్కడే. 2011లో రిజిస్ట్రేషన్ అంటే 15 ఏళ్ళ గడువు 2026లో తీరుతుంది. ఆర్‌సీ మీద ఉన్న తేదీ చూడు. ఆ తర్వాత ఫారం 25తో తనిఖీ చేయించుకుని ఐదేళ్ళకి రెన్యువల్. తమిళనాడు రవాణా ఆఫీసు నుంచి ఫారం 28 ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) లేకుండా ఇక్కడ పేరు మారదు, అది తెచ్చే బాధ్యత అమ్మేవాళ్ళదే అని ముందే తేల్చుకో. పేరు మార్పుకి ఫారం 29, 30. పాత ఫైనాన్సు ఉంటే ఫారం 35. మన రాష్ట్రం టాక్సు మళ్ళీ కట్టాలి, ఆ మొత్తం ధరలోంచి తగ్గించి బేరం మొదలుపెట్టు.

హ్యాండిల్ కింద ఛాసిస్ నంబరు మీద కాయితం పెట్టి పెన్సిల్‌తో రుద్దు, ఆర్‌సీతో ఒక్కో అంకె సరిచూడు. తుప్పుతో ఒక్క అంకె కనపడకపోయినా తనిఖీలో వెనక్కి పంపుతారు. ఎన్‌ఓసీ చేతికి వచ్చేదాకా అడ్వాన్సు మించి ఇవ్వొద్దు.