‘మారుమోగు’లో ‘మారు’ అంటే ‘బదులు’ అనా, ‘సారి’ అనా?

మారుమోగు అనే మాట దగ్గర వారం రోజులుగా ఆగిపోయాను. రెండో సగంలో చిక్కు లేదు, మ్రోగు కాస్తా మోగు అయింది. మొదటి సగమే తేలడం లేదు.

మారుమాట, మారుపలుకు అన్నప్పుడు మారు అంటే బదులు. ముమ్మారు, మరోమారు అన్నప్పుడు సారి. రెండు అర్థాలూ ఇక్కడ అతుకుతున్నాయి. కొండ ఎదురుగా నిలబడి ‘ఓయ్’ అంటే అది మనకు బదులు పలికినట్టే ఉంటుంది, అదే అరుపు రెండోసారి వినబడినట్టూ ఉంటుంది.

పక్క భాషలు కూడా చూశాను. ప్రతిధ్వనికి కన్నడంలో ‘మార్దని’ ఉంది, మాట కట్టిన తీరు అచ్చం మనదే. తమిళంలో ‘ఎదిరొలి’, అంటే ఎదురు ధ్వని. సంస్కృతం ‘ప్రతిధ్వని’లో ప్రతి కూడా ఎదురు అనే అర్థంలోనే ఉంది. వీటిని బట్టి నా మొగ్గు ‘బదులు’ వైపే. కానీ ‘చప్పట్లతో హాలు మారుమోగింది’, ‘ఊరంతా అతని పేరు మారుమోగిపోతోంది’ అంటాం కదా, అక్కడ బదులు పలికేది ఎవరు? మళ్లీ మళ్లీ మోగడమే వినిపిస్తోంది. ఇక్కడే నా వాదన తెగిపోతోంది.

ఇంట్లో ఉన్న నిఘంటువు అర్థం ఇచ్చి ఊరుకుంది, విడదీసి చూపలేదు. పాత రాతల్లో శకట రేఫతో, అంటే ‘ఱ’ అక్షరంతో, ‘మాఱు’ అని కనిపిస్తుంది గానీ, రూపం తెలిసినంత మాత్రాన అర్థం తేలడం లేదు.

మారుమ్రోగు, మారుమ్రోత అనే మాటలు ‘బదులు’ అనే అర్థంలోనే పుట్టాయని స్పష్టంగా చూపే పాత పద్యం గానీ, వ్యాకరణ వివరణ గానీ మీకు తెలుసా?