ముక్కూమొహం తెలియనివాళ్లు రహస్యంగా మనకు రాయాలంటే: పీజీపీ కీ పెట్టాలా, సిగ్నల్ చాలా?

రేగడి:
మేం నలుగురం కలిసి ఒక చిన్న వార్తల సైటు నడుపుతున్నాం. తాము పనిచేసే చోట జరిగే అక్రమాల గురించి చెప్పాలనుకునేవాళ్లు పేరు బయటపడకుండా మాకు రాయడానికి ఒక దారి చూపించాలి. ఈమెయిల్‌ను మనం తప్ప ఎవరూ చదవలేనట్టు తాళం వేసే (ఎన్‌క్రిప్ట్ చేసే) పీజీపీ కీ పెడదామని ఒకరు, సిగ్నల్ మెసెంజర్‌లో యూజర్‌నేమ్ ఇస్తే సరిపోతుందని ఇంకొకరు, ఎన్‌క్రిప్షన్ ఉన్న ప్రోటాన్‌మెయిల్ సేవలో అడ్రస్ పడేస్తే గొడవ వదిలిపోతుందని మూడోవారు. నేను ఎటూ తేల్చుకోలేక ఇక్కడ అడుగుతున్నా.

పాతకాపు:
పీజీపీ పెట్టండి, రెండో మాట లేదు. 1991లో ఫిల్ జిమ్మర్‌మన్ దాన్ని వదిలిన తర్వాత ఎన్ని మెసెంజర్లు వచ్చాయో, ఎన్ని మూతపడ్డాయో లెక్కలేదు. ఇది ఏ ఒక్క కంపెనీ చేతిలోనూ లేదు. 2024లో దాని ప్రమాణాన్ని (ఓపెన్‌పీజీపీ) కూడా కొత్తగా రాశారు. పైగా రాసేవాళ్లకు ఫోన్ నంబరు అక్కర్లేదు, ఎక్కడో ఒక ఈమెయిల్ ఉంటే చాలు. అమెరికా నిఘా రహస్యాలు బయటపెట్టిన ఎడ్వర్డ్ స్నోడెన్ 2012 చివర్లో జర్నలిస్టు గ్లెన్ గ్రీన్‌వాల్డ్‌ను మొదటిసారి పలకరించినప్పుడు అడిగింది కూడా పీజీపీ పెట్టుకోమనే.

చురకత్తి:
పాతకాపు గారూ, ఆ కథలో మిగతా సగం కూడా చెప్పాలి కదండీ. గ్రీన్‌వాల్డ్ పెట్టుకోలేదు! ఎలా పెట్టుకోవాలో వీడియో చేసి పంపినా కుదరలేదు. చివరికి స్నోడెన్ డాక్యుమెంటరీలు తీసే లారా పోయిట్రస్‌కు రాసుకున్నాడు. అంటే పీజీపీ వల్ల ఆ వార్త ఇంచుమించు చేజారిపోయింది.

ఇది ఒక్కరి బద్ధకం కాదు. 1999లో పరిశోధకులు ఆల్మా విటెన్, డగ్ టైగర్ 12 మందిని కూర్చోబెట్టి పీజీపీ వాడమంటే, గంటన్నరలో సరిగ్గా సంతకంచేసి ఎన్‌క్రిప్ట్ చేయగలిగింది మూడో వంతు మందే. మామూలు జనం సంగతి వదిలేయండి, 2017లో అడోబీ భద్రతా బృందమే అందరికీ ఇచ్చే పబ్లిక్ కీ పెట్టబోయి, మెయిళ్లను విప్పే రహస్యమైన ప్రైవేట్ కీని కూడా తమ బ్లాగులో అతికించేసింది. ఉద్యోగం పోతుందేమోనని భయంభయంగా రాసే మనిషికి మీరు ఈ పరీక్ష పెడతారా?

సన్నజాజి:
చురకత్తి గారితో నేను ఏకీభవిస్తాను, కానీ నా బాధ వేరు. సరిగ్గా ఎన్‌క్రిప్ట్ చేసినవాళ్లు కూడా దొరికిపోతారు. మా దగ్గరకు ఒక మెయిల్ వచ్చింది. లోపల అంతా ఎవరూ చదవలేని అక్షరాల ముద్ద, శుభ్రంగా చేశారు. సబ్జెక్టు లైను మాత్రం మామూలు తెలుగులో: "కొనుగోళ్ల విభాగంలో దొంగ బిల్లులు". అటాచ్‌మెంట్ పేరులో విభాగం పేరు, నెల. ఇక లోపల ఏం దాచినట్టు? ఎవరు, ఎవరికి, ఎప్పుడు రాశారన్నది ఎలాగూ పైనే ఉంటుంది. కవరు ఎంత గట్టిగా అంటించినా పంపినవారి చిరునామా పైన రాసే తీరాలి, ఈమెయిల్ పుట్టుకే అంత.

పాతకాపు:
సబ్జెక్టు సంగతి పాత ముచ్చటమ్మా. థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రామ్ ఇప్పుడు అసలు సబ్జెక్టును లోపల దాచి బయట మూడు చుక్కలు పెడుతుంది. చురకత్తి గారూ, 1999 లెక్క ఇప్పుడు తీస్తే ఎలా? 2020 నుంచి థండర్‌బర్డ్‌లోనే ఓపెన్‌పీజీపీ ఉంది, విడిగా ఏదీ తగిలించే పనిలేదు.

చురకత్తి:
సరే, 1999 వదిలేస్తా. 2018లో బయటపడ్డ ఈఫెయిల్ అనే దాడి మాటేమిటి? ఎన్‌క్రిప్ట్ చేసిన మెయిల్‌ను దారిలో పట్టుకుని, చుట్టూ కాస్త హెచ్‌టీఎంఎల్ తగిలించి మళ్లీ పంపితే, చదివేవారి మెయిల్ ప్రోగ్రామే దాన్ని విప్పి ఆ పాఠాన్ని దాడిచేసినవాడి సర్వర్‌కు చేరవేసింది. తర్వాత సరిచేశారు, నిజమే.

కానీ సరిచేయలేనిది ఒకటుంది. పీజీపీలో ఏళ్ల తరబడి ఒకటే కీ. మీ ల్యాప్‌టాప్ రేపు ఎవరి చేతిలోనో పడి, పాస్‌ఫ్రేజ్ కూడా దొరికితే, ఇన్నేళ్లుగా మీకు రాసిన ప్రతి మనిషీ బయటపడతాడు. ఎవడో మెయిళ్లన్నీ దాచిపెట్టుకుని కాచుకుంటే చాలు. సిగ్నల్‌లో సందేశానికో కీ, వాడగానే చెరిగిపోతుంది. ఈ రోజు కీ దొరికినా నిన్నటి మాటలు తెరుచుకోవు.

నిశాచరి:
ఇద్దరూ తాళం ఎంత గట్టిదో కొట్లాడుకుంటున్నారు. దొరికిపోయేవాళ్లు తాళం విరిగి దొరకరండీ. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో రాసి, ఆఫీసు వైఫైలో పంపి, కంపెనీ ఇచ్చిన సిమ్ మీద సిగ్నల్ పెట్టుకుని దొరుకుతారు.

సిగ్నల్ గురించి తెలిసినంత చెప్తా. 2016లో అమెరికాలో సమన్లు వస్తే వాళ్లు ఇవ్వగలిగింది ఖాతా తెరిచిన సమయం, చివరిసారి కనెక్ట్ అయిన తేదీ, అంతే. ఇంకేమీ దాచుకోరు కాబట్టి ఇవ్వడానికీ లేదు. 2024లో యూజర్‌నేమ్‌లు వచ్చాయి, అవతలివారికి నంబరు కనపడదు. కానీ ఖాతా తెరవాలంటే నంబరు తప్పదు. రేగడి గారూ, సెట్టింగుల్లో "నంబరుతో నన్ను ఎవరు కనుక్కోవచ్చు" అన్నచోట "ఎవరూ వద్దు" అని మార్చుకోండి. రాసేవాళ్లకూ చెప్పండి. లాక్ స్క్రీన్ మీద సందేశం కనపడకుండా కూడా. పక్క సీట్లో కూర్చున్నవాడు చదివేస్తే ఏ ఎన్‌క్రిప్షనూ ఆదుకోదు.

2025 మార్చిలో అమెరికా పెద్ద అధికారుల సిగ్నల్ గ్రూపులోకి పొరపాటున ఒక పత్రికా సంపాదకుడిని చేర్చారు గుర్తుందా? అక్కడ కూడా ఎన్‌క్రిప్షన్ చెక్కుచెదరలేదు.

రేగడి:
మరి ప్రోటాన్? మూడో మనిషి ఆ మాట మీదే ఉన్నారు.

సన్నజాజి:
ప్రోటాన్ నుంచి ప్రోటాన్‌కు అయితే దానంతట అదే ఎన్‌క్రిప్ట్ అవుతుంది, బానే ఉంది. అయితే మీ ప్రోటాన్ అడ్రస్ చూసి "భద్రమేలే" అనుకుని జీమెయిల్ నుంచి రాసేస్తారు చూడండి, అక్కడ వస్తుంది చిక్కు. ఆ మెయిల్ జీమెయిల్‌లో విప్పిన పాఠంగానే ఉంటుంది. పైగా ప్రోటాన్‌లో సబ్జెక్టు లైను ఎండ్ టు ఎండ్ (రాసినవారు, అందుకున్నవారు తప్ప ఎవరూ చదవలేనట్టు) ఎన్‌క్రిప్ట్ కాదు. 2021లో స్విస్ అధికారుల ఆదేశం వస్తే ఒక పర్యావరణ ఉద్యమకారుడి ఐపీ అడ్రసు నమోదు చేసి ఇవ్వాల్సి వచ్చింది. వాళ్లు మోసం చేశారని కాదు, చట్టం అడిగితే ఏ కంపెనీ అయినా అంతే. ఆ అడ్రస్ పెట్టేట్టయితే కిందే రాయండి: జీమెయిల్ నుంచి రాయొద్దు అని.

పాతకాపు:
పత్రికలకు రహస్యంగా పత్రాలు పంపడానికి చేసిన సెక్యూర్‌డ్రాప్ మాట ఎవరూ ఎత్తలేదేం? ఎక్కడి నుంచి వచ్చారో దాచే టోర్ నెట్‌వర్క్ మీద నడుస్తుంది, రాసేవాళ్లు ఖాతా తెరవక్కర్లేదు, ఫోన్ నంబరూ ఇవ్వక్కర్లేదు.

నిశాచరి:
దానికి విడిగా సర్వర్లు, పత్రాలు తెరవడానికి నెట్‌కు తగలని కంప్యూటరు, కనిపెట్టుకుని ఉండే మనిషి కావాలి. నలుగురి సైటుకు తలకు మించిన భారం. పెట్టి వారాల తరబడి తెరిచి చూడకపోతే అంతకంటే ఘోరం ఇంకోటి లేదు.

చురకత్తి:
నా ఓటు సిగ్నల్‌కే. పీజీపీ కీ ఉంచుకుంటే ఉంచుకోండి, సాఫ్ట్‌వేర్ లోపాలు చెప్పేవాళ్లకు పనికొస్తుంది. వాళ్లకు అది అలవాటే.

పాతకాపు:
ఫోన్ నంబరు ఇస్తే ఊరూపేరూ తెలిసిపోయే చోట్ల ఉన్నవాళ్లను ఏం చేస్తారు? వాళ్ల కోసమైనా కీ తీయకండి. ఇంకొకటి: కీ ఫింగర్‌ప్రింట్‌ను (కీ అసలుదేనని పోల్చుకునే చిన్న కోడ్) మీ సైట్‌లో ఒక్కచోటే కాకుండా వేరేచోట కూడా పెట్టండి. సైటును ఎవడైనా మారిస్తే కీని కూడా మార్చేస్తాడు.

రేగడి:
అయితే రెండూ పెట్టి, సిగ్నల్‌ను పైన ఉంచుతాం. "ఆఫీసు ఫోను, ఆఫీసు నెట్ వాడొద్దు" అన్నది అన్నింటికంటే పైన.

నిశాచరి:
ఆ మాట చదవాలంటే ముందు మీ సైటు తెరవాలి కదా, ఆఫీసు నెట్‌లో తెరిస్తే డొమైన్ పేరు అప్పటికే నమోదైపోతుంది. ఆ హెచ్చరికను సోషల్ మీడియాలో కూడా అప్పుడప్పుడూ వేస్తూ ఉండండి. అన్నట్టు, మీరు నలుగురు కదా. ప్రైవేట్ కీ ఎవరి దగ్గర ఉంటుంది? సిగ్నల్ ఖాతా ఎవరి ఫోన్‌లో?

రేగడి:
అది ఇంకా మాట్లాడుకోలేదండీ. ఈ రాత్రి ఫోన్‌లో తేల్చాలి.

చురకత్తి:
మామూలు కాల్‌లో వద్దు బాబోయ్!