అప్‌డేట్: 203(కె) లోన్‌తో అమెరికాలోని కొలంబస్‌లో పాత ఇల్లు, క్లోజింగ్ (కొనుగోలు) అయింది

మార్చిలో అడిగాను, గుర్తుందా? 203(కె) అంటే ఇల్లు కొనడానికీ, దాని రిపేర్లకీ కలిపి తీసుకునే ప్రభుత్వ హామీ ఉన్న లోన్. 1954లో కట్టిన ఇల్లు, రిపేర్లకు చిన్న పనులకిచ్చే లిమిటెడ్ 203(కె) చాలుతుందా, పెద్ద పనులకిచ్చే స్టాండర్డ్ కావాలా అని. చివరికి స్టాండర్డే. హడ్ (అమెరికా గృహనిర్మాణ శాఖ) గుర్తింపు ఉన్న, ఇల్లు చూసి రిపేర్లు తేల్చే కన్సల్టెంట్‌ని ముందే పిలిపించమన్నవాళ్లకి పెద్ద థాంక్స్, అదే పనిచేసింది.

ఆయన బేస్‌మెంట్ గోడకి ఈ మూల నుంచి ఆ మూలకి దారం కట్టి చూపించాడు. గోడ మధ్యలో లోపలికి ఉబ్బి, దారాన్ని పక్కకి నెడుతోంది. మేం తేమ మరకలనుకుని పెయింట్ ఖర్చు రాసుకున్నాం! బయట పైకప్పు వాననీళ్లు దించే గట్టర్ పైపు నీళ్లు తిన్నగా ఆ గోడ పక్కనే పోస్తోందట, ఏళ్లుగా. అంటే గోడనే సరిచేయాలి; ఇలా ఇంటి కట్టడానికి సంబంధించిన స్ట్రక్చర్ పని ఉంటే లిమిటెడ్ కుదరదు. కాబట్టి లిమిటెడ్‌లో రిపేర్లకి 75,000 డాలర్ల పరిమితి గురించి నేను చేసిన రాద్ధాంతమంతా వృథా. క్రెడిట్ స్కోర్ భయం కూడా అంతే, 580 లేదా ఆపైన ఉంటే 3.5 శాతం డౌన్ పేమెంట్ చాలు, అది అడ్డు రాలేదు.

అసలు తలనొప్పి కాంట్రాక్టరు. రిపేర్ల డబ్బు ఎస్క్రోలో (లోన్ ఇచ్చినవాళ్లు విడిగా ఆపి ఉంచే ఖాతాలో) ఉంటుంది, పని తనిఖీ అయ్యాకే విడతలవారీగా వస్తుంది అనగానే మొదటివాడు ఫోన్ ఎత్తడం మానేశాడు. రెండోవాడు ఇంతకుముందు ఇలాంటి లోన్ పనులు చేసినవాడు, కాగితాలన్నీ తనే సిద్ధం చేసుకొచ్చాడు. ఇలాంటి లోన్ పనులు చేశారా అని ముందే అడిగుంటే మూడు వారాలు మిగిలేవి.

డౌన్ పేమెంట్ ఇంటి ధర మీదే కాదు, రిపేర్ ఖర్చు కూడా కలిపి లెక్కేస్తారు. గోడ పని సోమవారం మొదలు.