మైపాడు నుంచి కృష్ణపట్నం దాకా ఒడ్డెంబడి నడవొచ్చా?

పెన్నాగట్టు · జనవరి 11
పోయిన మే నెలలో ఇంగ్లండులో మా అబ్బాయి దగ్గర ఉన్నప్పుడు డెవన్ తీరంలో ఒక నడక నడిచాను. అప్పటి నుంచీ అదే మనసులో తిరుగుతోంది. బెర్రీ హెడ్ అని ఒక ప్రకృతి రక్షిత ప్రాంతం. సున్నపురాయి కొండ కత్తితో కోసినట్టు సముద్రంలోకి తెగిపోయి ఉంటుంది, దాదాపు 60 మీటర్ల ఎత్తు. అంచున నిలబడి చూస్తే గిలెమాట్ అనే పక్షులు రాతి అరల మీద ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ కూర్చుని ఉన్నాయి. గూడు కట్టవట, ఉత్త రాతి మీదే గుడ్డు పెడతాయట. అక్కడి నుంచి గట్టెంబడి దిగుతూ పోతే బ్రిక్సమ్ అనే చేపల రేవు ఊరు. మనవరాలు ముందు, నేను వెనక. రేవులో మరపడవలు, వలల వాసన, ఐసు పెట్టెలు చూడగానే మన తీరమే గుర్తొచ్చింది.

మైపాడు నుంచి కృష్ణపట్నం దాకా ఒడ్డెంబడి ఎవరైనా పూర్తిగా నడిచారా? మనకు కొండ అంచులు లేవు, ఇసుక దిబ్బలే. అయినా సరే. కాలువలు ఎక్కడ దాటాలి? మంచినీళ్ళు ఎక్కడ దొరుకుతాయి? పోర్టు దగ్గర ఎంతవరకు పోనిస్తారు? ఫిబ్రవరిలో నలుగురం పోవాలనుకుంటున్నాం. ఎండ తగలకుండా తెల్లవారుజామున మూడింటికే టార్చిలైట్లు పట్టుకుని బయల్దేరదామని ఆలోచన. నా వయసు 63, షుగరు ఉంది, మోకాళ్ళు బాగానే ఉన్నాయి.

కొత్తకోడూరు వాసి · జనవరి 11
అన్నా, మోకాళ్ళు సరే, పాదాలు చూసుకో. నేను కోడూరు నుంచి మైపాడుకు రెండుసార్లు నడిచాను. పొడి ఇసుకలో కాలు చీలమండ దాకా దిగబడుతుంది, అరగంటలో పిక్కలు పట్టేస్తాయి. సముద్రం వెనక్కి తగ్గే పాటు సమయంలో తడి ఇసుక మీద నడిస్తే సిమెంటు రోడ్డే. పోటు మొదలైతే ఆ గట్టి ఇసుక మునిగిపోయి దిబ్బ మీదికి ఎక్కాల్సి వస్తుంది. అక్కడ రావణాసురుడి మీసాలు అనే ముళ్ళ గడ్డి. ఎండిన ముళ్ళ బంతులు గాలికి దొర్లుకుంటూ వచ్చి కాళ్ళకు తగులుతాయి. మొదటిసారి స్లిప్పర్లతో పోయాను. బొటనవేలి గోటి కింద ముల్లు విరిగి వారం రోజులు కుంటాను. బూట్లు వేసుకో. అమావాస్య, పున్నమి రోజుల్లో పోటు ఎక్కువ, అప్పుడు వద్దు. రొయ్యల హేచరీల పైపులు ఇసుకలో సగం పూడి ఉంటాయి, చీకట్లో కనపడవు. నీడ కావాలంటే సవక తోపులు ఉన్నాయి.

ఒంగోలు శీను · జనవరి 11
సవక ఏంటి బ్రదర్, సర్వి. కొత్తపట్నం, పాకల వైపు ఎవరినడిగినా సర్వి తోటలనే చెప్తారు.

గోదారి అల్లుడు · జనవరి 12
రెండూ కాదు, సరుగుడు. మా జిల్లాలో పందిరి గుంజల దగ్గర నుంచి పాక వాసాల దాకా సరుగుడు బాదులే. నెల్లూరులో పిల్లనిచ్చినవాళ్ళు సవక అంటే ఏ చెట్టో తెలియక ఏడాది తికమకపడ్డాను.

ఒంగోలు శీను · జనవరి 12
సవక అరవ మాట అండీ. తెలుగు మాట ఉండగా అదెందుకు?

కొత్తకోడూరు వాసి · జనవరి 12
సవుక్కు వాళ్ళది, సవక మాది. పక్కపక్కన బతికే వాళ్ళ మాటలు కలుస్తాయి. మా నాయన రెండెకరాల సవక వేసి, కొట్టి, మద్రాసుకు లారీలకెత్తి ఆ డబ్బుతో నన్ను డిగ్రీ చదివించాడు. ఇంట్లో ఆ మాట విని పెరిగినవాణ్ణి, మార్చుకోమంటే మార్చుకోను. నువ్వు సర్వి అనుకో, నేను వద్దన్నానా?

తాబేటి కాపలా · జనవరి 12
ఇన్ని పోస్టులు చదివాను. చెట్టు పేరు మీద కొట్టుకుంటున్నారే గానీ టార్చిలైట్ సంగతి ఒక్కరూ పట్టించుకోలేదు. పెన్నాగట్టు గారూ, దయచేసి ఫిబ్రవరిలో రాత్రిపూట లైట్లతో ఒడ్డెక్కకండి. ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు మన తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చే కాలం అదే. ఒడ్డుకొచ్చే తాబేలుకు వెలుతురు, మనిషి అలికిడి తగిలితే గుడ్లు పెట్టకుండానే వెనక్కి పోతుంది. పిల్లలదీ అదే బాధ. ఒక్కో గుంటలో వంద, నూట ఇరవై గుడ్లుంటాయి. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు రాత్రిపూట బయటికొచ్చి ఎటు వెలుతురుంటే అటు పాకుతాయి. చీకటి రాత్రి సముద్రమే మెరుస్తూ ఉంటుంది కాబట్టి అటు పోవాలి. వీధి దీపాలో రిసార్టు లైట్లో ఉంటే ఊళ్ళోకి పాకి చస్తాయి. పొద్దున్నే వెళ్ళి రోడ్డు పక్కన చచ్చిన పిల్లల్ని ఏరి సంచిలో వేసుకున్న చెయ్యి ఇది. చేపల వాళ్ళకు ఎంత చెప్పినా వినరు, కనీసం చదువుకున్న మీరైనా వినండి.

పాళెం పిల్లోడు · జనవరి 12
చేపల వాళ్ళకు ఎంత చెప్పినా వినరు అంటే? ఏం చెప్పారు మాకు, ఎప్పుడు చెప్పారు? మాది పట్టపుపాళెం. నాది ఫైబర్ బోటు, తొమ్మిది గుర్రాల ఇంజను. మా అమ్మమ్మ కాలంలో తాబేలు వలలో పడితే పసుపు కుంకుమ పెట్టి నీళ్ళలో వదిలేవాళ్ళు. కూర్మావతారం అని ఇప్పటికీ మా ఇళ్ళలో ఎవరూ ముట్టరు. పోయినేడు నా వలలో ఒకటి పడితే రెండు బారలు వల కోసి వదిలాను. ఆ వల కుట్టుకోవడానికి రెండు రోజులు వేట మానేశాను. ఆ నష్టం ఎవరిచ్చారు?

తాబేటి కాపలా · జనవరి 12
మీరు వదిలారు, సంతోషం. మరి ప్రతి జనవరిలో ఒడ్డుకు కొట్టుకొచ్చే చచ్చిన తాబేళ్ళు ఎక్కడివి? ఒంటి మీద గాయం ఉండదు. తాబేలు పైకొచ్చి ఊపిరి పీల్చుకోవాలి. వల కింద గంటల తరబడి ఇరుక్కుంటే ఊపిరాడక చస్తుంది.

పాళెం పిల్లోడు · జనవరి 13
అది మర బోట్లు లాక్కుపోయే ట్రాలింగ్ వల. నాది నిలువు వల, గంటకోసారి తీసి చూసుకుంటాం. ఆ తేడా తెలియకుండా ‘చేపల వాళ్ళు’ అని అందర్నీ ఒక గాటన కట్టేస్తే కోపం రాదా? మర బోట్లు ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల లోపల వేట చెయ్యకూడదని రూలు. చీకటి పడితే ఒడ్డు దగ్గరికే వచ్చి అడుగు దాకా గీరుకుపోతారు. మా వలలూ తెంచుకుపోతారు. మేం ఒకసారి అడ్డం పోతే పడవతో గుద్దబోయారు. ఇంకో మాట. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మేం వేట ఆపి ఇంట్లో కూర్చుంటాం. తాబేళ్ళు వచ్చేదేమో అంతకుముందు. అప్పుడు పెద్ద బోట్లను ఆపండి చూద్దాం, తాబేలూ బతుకుతుంది, నేనూ బతుకుతా.

తాబేటి కాపలా · జనవరి 13
ట్రాలింగ్ వలలకు తాబేలు తప్పించుకునే కమ్మీల చట్రం బిగించాలని మేమూ అడుగుతూనే ఉన్నాం. కమ్మీలకు తగిలి తాబేలు పై రంధ్రంలోంచి బయటపడుతుంది, చేపలు లోపలికి పోతాయి. దాంట్లోంచి చేపలూ పోతాయని బిగించరు. మీరన్న తేడా నిజమే. ‘చేపల వాళ్ళు’ అని రాయడం నా తప్పు, వెనక్కి తీసుకుంటున్నాను. టార్చి విషయంలో మాత్రం తగ్గను.

కొలగొలుసు · జనవరి 14
సర్వే శాఖలో 32 ఏళ్ళు చేశాను. దూరం గురించి ఎవరూ సరిగ్గా చెప్పలేదు. మైపాడు నుంచి కృష్ణపట్నానికి పటం మీద గీత గీస్తే పాతిక కిలోమీటర్లు దాటుతుంది. నడిస్తే అంతకంటే ఎక్కువే. తీరం పోటుకు ఒకచోట, పాటుకు ఒకచోట ఉంటుంది. పైగా మన తీరాన ఏడాది మొత్తం లెక్కేస్తే ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. ఈశాన్య రుతుపవనాల నెలల్లో మాత్రం వెనక్కి, దక్షిణానికి పోతుంది. దానికి అడ్డంగా రాళ్ళ గోడ కడితే దక్షిణాన ఇసుక మేట వేస్తుంది, ఉత్తరాన కోత పడుతుంది. మద్రాసు హార్బరు కట్టాక మెరీనా పెరిగి రాయపురం కోసుకుపోయింది అందుకే. కాబట్టి పాత మ్యాపులు నమ్మకండి. ఈ విషయంలో నాతో వాదించే ముందు ఒక్కసారి గొలుసు పట్టి చూడండి.

కావలి పాసింజర్ · జనవరి 14
సార్, గొలుసు సరే. నేను ఫోన్ పెట్టుకుని మైపాడు నుంచి నేలటూరు దగ్గరికి నడిస్తేనే 27 చూపించింది. మధ్యలో టీ కోసం ఊళ్ళోకి పోయి వచ్చాం, అది కూడా కలిసి ఉంటుంది.

కొలగొలుసు · జనవరి 14
ఫోను కొలత కొలత కాదు.

టోర్‌బే సిస్టర్ · జనవరి 15
మాది ఇందుకూరుపేట. బెర్రీ హెడ్‌కు దగ్గర్లోనే ఆసుపత్రిలో నర్సుగా చేస్తున్నాను. బాబాయ్, ఆ పేరు తెలుగులో చదవగానే కళ్ళు చెమర్చాయి. నైట్ డ్యూటీ దిగి ఎన్నోసార్లు ఆ కొండ మీదికే పోయి కూర్చున్నాను. అక్కడి దీపస్తంభం చూశారా? నిలువు 5 మీటర్లే, మన ఇంటి డాబా అంత. కానీ కొండ ఎత్తు కలిసి దీపం సముద్రానికి 58 మీటర్ల పైన వెలుగుతుంది. నెపోలియన్ భయంతో కట్టిన కోట గోడలు ఇప్పటికీ నిలిచే ఉన్నాయి. కింద బ్రిక్సమ్ రేవులో తర్వాత ఇంగ్లండు రాజైన ఆరెంజ్ విలియమ్ విగ్రహం ఉంది, 1688లో సైన్యంతో అక్కడే దిగాడు. రేవు అడ్డుగోడ అర మైలు. చలికాలం గాలి రోజు దాని చివరిదాకా నడిచి వెనక్కి తిరిగితే, మైపాడులో అమ్మ చెయ్యి పట్టుకుని అలల్లోకి దిగిన రోజు గుర్తొస్తుంది. అక్కడ ప్రతి మలుపులో దారి చూపే పలక ఉంటుంది. మన దిబ్బల మీద కనీసం ఒక్క పలకైనా పెట్టమని ఎవరైనా అడగండి.

సూళ్ళూరు కొంగ · జనవరి 15
ఆ డెవన్ నడకలా రక్షిత ప్రాంతం నుంచి నడక అంటే నేలపట్టు పక్షుల అభయారణ్యం నుంచి మొదలుపెట్టాలి కదా. అక్టోబరు నుంచి మార్చి దాకా గూడబాతులు నీళ్ళలో పెరిగే కడప చెట్ల నిండా ఉంటాయి.

కావలి పాసింజర్ · జనవరి 15
నేలపట్టు 2022లోనే తిరుపతి జిల్లాకు పోయింది. పైగా అది సముద్రం పక్కన కాదు, నడిస్తే హైవే తగులుతుంది.

సూళ్ళూరు కొంగ · జనవరి 15
జిల్లా మార్చింది కాగితం మీద. 1976లో అభయారణ్యం అయినప్పటి నుంచీ అది నెల్లూరు పక్షులదే.

పోర్టు లారీ · జనవరి 17
ఆయన అడిగిన పోర్టు ప్రశ్నకు ఎవరూ జవాబివ్వలేదు. నేను పదకొండేళ్ళు అటు బొగ్గు తోలాను. నేలటూరు దగ్గర థర్మల్ కేంద్రం, దాని తర్వాత పోర్టు. ఒడ్డెంబడి నేరుగా పోతే సెక్యూరిటీ వాళ్ళు ఆపేస్తారు, గొడవ పడి లాభం లేదు. అంతకుముందే ఒడ్డు దిగి రోడ్డెక్కి ముత్తుకూరు వచ్చి ఆటో పట్టుకోండి. కృష్ణపట్నం ఊళ్ళో సిద్ధేశ్వరస్వామి గుడి చూసుకుని ఉప్పుటేరు వైపు పోతే సాయంత్రం కొంగలు బాగుంటాయి. నీళ్ళు మనిషికి నాలుగు లీటర్లు మోసుకోవాల్సిందే. ఒడ్డున బోరు వేసినా ఉప్పే. షుగరున్న మనిషివి, పడిపోతే తినడానికి జేబులో ఖర్జూరాలు పెట్టుకో పెద్దాయనా.

పెన్నాగట్టు · ఫిబ్రవరి 9
అందరికీ నమస్కారం. నిన్న వెళ్ళొచ్చాం. టార్చిలైట్లు ఇంట్లోనే వదిలేశాం, తూర్పు తెల్లబడ్డాకే మైపాడులో ఒడ్డెక్కాం. పాటు తొమ్మిదిన్నర దాకా దొరికింది, తర్వాత ఇసుక చంపేసింది. కొత్తకోడూరుకు చేరేసరికి పదకొండు, అక్కడే ఆపేశాం. మిగతాది వచ్చే శీతాకాలం.

మైపాడు దాటాక గంట నడకలో ఇసుక మీద ట్రాక్టరు టైరు గీసినట్టు ఒక చాలు కనిపించింది. నీళ్ళ దగ్గర నుంచి దిబ్బ మొదలుదాకా వచ్చింది, అక్కడ కాస్త కలబెట్టినట్టు ఉంది, పక్కనే రెండో చాలు నీళ్ళలోకి పోయింది. చుట్టూ ఎండ్రకాయల బొరియలు. మేం దూరం నుంచే చూసి, నడిచొచ్చాం.

తాబేటి కాపలా · ఫిబ్రవరి 9
అది తాబేలు చాలే, అక్కడ ఇసుక కలబెట్టినట్టు ఉందంటే గుడ్లు పెట్టే పోయి ఉంటుంది! చోటు ఇక్కడ అందరికీ కనపడేలా రాయకండి, నాకు విడిగా పంపండి. అటవీశాఖ వాళ్ళకు ఇప్పుడే ఫోన్ చేస్తున్నాను. గుడ్లు తాబేళ్ళ హేచరీకి మార్చాలంటే ఆలస్యం చెయ్యకూడదు. ఇప్పటికే ఒక రాత్రి అయిపోయింది, నక్కలు, కుక్కలు వాసన పట్టేస్తాయి. నేను నెల్లూరులో ఉన్నాను, రావడానికి గంట పైనే పడుతుంది.

పాళెం పిల్లోడు · ఫిబ్రవరి 9
పెన్నాగట్టు సార్, నాక్కూడా పంపండి. అది మా పాళెం దగ్గరే అనిపిస్తోంది. ఇవాళ వేటకు పోలేదు. పోయి కుక్కలు రాకుండా కూర్చుంటాను. అక్కా, మీరు నిదానంగా రండి, లైటు తేనులే.