మారుపేర్లతో నడిచిన పాత ట్రాన్స్‌జెండర్ పత్రికను అంతర్జాలంలో పెట్టవచ్చునా?

ప్రశ్న: బరంపురం పాఠకుడు

బరంపురంలో మేము కొందరం కలిసి నడుపుతున్న చిన్న గ్రంథాలయానికి ఈ మధ్య ఒక రేకు పెట్టె చేరింది. 1990ల చివరి నుంచి కొన్నేళ్లపాటు గంజాం, గజపతి, రాయగడ జిల్లాల హిజ్రాలు, ట్రాన్స్ మహిళలు తమలో తాము చేతులు మార్చుకుంటూ చదువుకున్న పత్రిక ప్రతులు అందులో ఉన్నాయి. మొదటి సంచికలు సైక్లోస్టైల్ చేసినవి, తరువాతివి జిరాక్సులు. ఒకే పేజీలో పైన ఒడియా, కింద తెలుగు. దుకాణాల్లో అమ్మిన పత్రిక కాదది. దాన్ని నడిపినావిడ కాలం చేశారు. ఆమె మేనల్లుడు పెట్టెను మాకు అప్పగించి, మీకు తోచినట్టు చేసుకోండి అన్నారు.

సూరత్ మరమగ్గాల్లో పనికి వెళ్లినవారి ఉత్తరాలు ఇందులో చాలా ఉన్నాయి. ఒక ఉత్తరం చివర స్త్రీ పేరుతో సంతకం చేసి, "ఇంటికి రాసేటప్పుడు కవరు మీద ఈ పేరు వేయకండి" అని హెచ్చరించి, ఆ కిందనే తండ్రి పేరుతో సహా ఇంటి చిరునామా ఇచ్చారు. మరో సంచికలో ఠాకురాణి జాతరలో తీసిన ఫోటో ఉంది. ఆ జాతరలో మొక్కు తీర్చుకోవడానికి మగవాళ్లు రకరకాల వేషాలు కడతారు కనుక, చీర కట్టుకొని వీధిలో నడిచినా నిలదీసేవారుండరు. కానీ ఫోటో కింద రాసిన నాలుగు మాటలు చదివితే అది వేషం కాదని అర్థమవుతుంది. ఇద్దరి ఇంటిపేర్లు కూడా రాశారు. మా వైపు ఇంటిపేరు, వీధి పేరు తెలిస్తే మనిషి తెలిసినట్టే.

మొత్తం స్కాన్ చేసి అందరికీ తెరవమని పరిశోధక విద్యార్థులు అడుగుతున్నారు. పెట్టెలో మూసి ఉంచితే ఈ చరిత్ర జరిగినట్టే ఎవరికీ తెలియదు. తెరిస్తే బతికున్నవారి కాపురాలకు, కొలువులకు ముప్పు రావచ్చు. ఏం చేయడం న్యాయం?

జవాబు: జయపురం నుంచి, విశ్రాంత గ్రంథపాలకుడు

అయ్యా, తమవాళ్లనుకున్న కొద్దిమంది చదువుతారన్న నమ్మకంతో రాసినదాన్ని, పేరు కొట్టి వెతికితే ఎవరికైనా దొరికేచోట పెట్టడానికి వారు ఒప్పుకున్నట్టు కాదు. ఈ విషయంలో నాకు సందేహం లేదు.

ఇతర దేశాల అనుభవం మనకు పనికొస్తుంది. అమెరికాలో స్త్రీల దుస్తులు ధరించే పురుషుల కోసం వర్జీనియా ప్రిన్స్ 1960లో ప్రారంభించిన ట్రాన్స్‌వెస్టియా పత్రికకు పాఠకులు తాము ఎంచుకున్న స్త్రీ పేర్లతోనే రాసేవారు. ఒక ఉత్తరం కారణంగా 1961లో ఆమె మీదే తపాలాలో అశ్లీలం పంపారన్న కేసు నడిచింది. అసలు పేరు బయటపడితే ముప్పన్న వారి భయం ఊహించుకున్నది కాదు. అదే కాలంలో న్యూయార్క్ రాష్ట్రంలోని క్యాట్‌స్కిల్ కొండల్లో, కాసా సుసానా అనే విడిదిలో, అటువంటివారు సెలవులకు చేరి తమ కోసం తాము తీసుకున్న ఫోటోలు దశాబ్దాల తరువాత పాత సామాన్ల సంతలో దొరికి, 2005లో పుస్తకంగా వచ్చాయి. ఆ పుస్తకం వల్ల ఒక లోకం వెలుగులోకి వచ్చిన మాట నిజమే. అయినా ఆ బొమ్మల్లోని మనుషులను ముందుగా అడిగినవారు లేరు. శాన్‌ఫ్రాన్సిస్కోలో 1984లో మొదలైన ఆన్ అవర్ బ్యాక్స్ అనే లెస్బియన్ పత్రికను ఒక సంస్థ డిజిటల్ చేసి అంతర్జాలంలో పెట్టింది. కాగితం మీద అచ్చుకు ఒప్పుకున్న స్త్రీలు దీనికి ఒప్పుకోలేదన్న అభ్యంతరం రావడంతో 2016లో దాన్ని తొలగించవలసి వచ్చింది. అదే ఏడాది మొదలైన డిజిటల్ ట్రాన్స్‌జెండర్ ఆర్కైవ్ మాత్రం, తమ వివరాలు తీసేయమని కోరేవారి కోసం ముందే ఒక విధానం ఏర్పరచుకుంది. అది అవసరమే గాని చాలదు. సూరత్‌లో మగ్గం దగ్గర నిలబడిన మనిషికి తన ఉత్తరం మీ వెబ్‌సైటులో ఉందని ఎవరు చెబుతారు?

ఇక చట్టం సంగతి. మేనల్లుడు ఇచ్చింది కాగితాలను మాత్రమే. ఉత్తరంలోని మాటల మీద హక్కు రాసినవారిది. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం అది రచయిత మరణానంతరం 60 ఏళ్లు, ఎవరిదో తెలియని మారుపేరు రచనకైతే ప్రచురణ తరువాత 60 ఏళ్లు ఉంటుంది. ఆ కాలపు ఉత్తరాల్లో ఎవరికైనా హెచ్‌ఐవీ ఉన్న సంగతి కనిపిస్తే, 2017 నాటి హెచ్‌ఐవీ చట్టం ఆ గోప్యతను కాపాడుతుందని గుర్తుంచుకోండి. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు అదే ఏడాది తీర్పు చెప్పింది.

అన్నీ స్కాన్ చేయండి, ఒక్క పేజీ కూడా వదలవద్దు. బయట పెట్టవలసింది మాత్రం విషయసూచికే: సంచిక, నెల, ఏయే అంశాలున్నాయి. అసలు పేజీలు గ్రంథాలయంలో కూర్చొని, పేర్లు రాసుకోనని సంతకం చేసినవారికే చూపండి.

జవాబు: రాయగడ నుంచి, ఒక ట్రాన్స్ మహిళ

పెద్దలు జయపురం వారి మాటల్లో చాలావరకు నాకు సమ్మతమే. కానీ మా గురించి దాపరికం ఒక్కటే రక్షణ అనుకోవద్దని మనవి. బ్రిటిష్ ప్రభుత్వం 1871 నాటి నేరస్థ జాతుల చట్టంలో మావాళ్ల పేర్లను రిజిస్టరుకెక్కించింది. నిజాం రాజ్యంలోనూ 1329 ఫసలీ (అంటే 1919) నాటి చట్టం అదే పని చేసింది. దాన్ని తెలంగాణ హైకోర్టు కొట్టివేసింది 2023లోనే. పోలీసులు మమ్మల్ని అనుమానితులుగా రాసిన కాగితాలు కచేరీల్లో భద్రంగా ఉండి, మేము మా చేతులతో, మా నవ్వులతో, మా వంటలతో, మా ప్రేమలతో రాసుకున్న కాగితాలు తాళం వెనక ఉండిపోతే, రేపు చదివేవారికి మేము నేరస్థులుగానే కనిపిస్తాము.

చనిపోయినవారి విషయంలో మరీ జాగ్రత్తగా ఉండండి. వారసులను అడిగాము కదా అనుకుంటారు. ఇంట్లోంచి గెంటేసి, చావుకు కూడా రాని అన్నదమ్ములు ఇప్పుడు పరువు పేరు చెప్పి ఆ పేరు చెరిపేయమంటారు. అడగవలసింది జబ్బులో పక్కన కూర్చున్న చేలాలను, అంటే శిష్యురాళ్లను, ఆమె గురువు బతికుంటే ఆ గురువును. అమెరికాలో లూ సల్లివన్ అనే ట్రాన్స్ పురుషుడు 1991లో కన్నుమూసేలోగా తన డైరీలను భద్రపరచడానికి తానే ఏర్పాటు చేసుకున్నారు. మాలోనూ అలా కోరుకున్నవారు ఉంటారు. వారి పేరును మీరు దయతో నల్లగీత కింద దాచేస్తే, అది వారు బతికుండగా ఇంట్లోవాళ్లు చేసిన పనే అవుతుంది.

పత్రికలో ఎంచుకున్న పేరు ఉంటే సూచికలో అదే ఉండాలి. పుట్టినప్పటి పేరు ఎక్కడ కనిపించినా మూసేయండి, బతికున్నా పోయినా. మా ఇళ్లలో మాత్రమే మాట్లాడుకునే మాటలు, గురు చేలాల మధ్య జరిగే తంతుల వివరాలు ఏవైనా ఉంటే, వాటిని ఏం చేయాలో మా పెద్దలు చెప్పేదాకా ఆగండి. ఆ నిర్ణయం మీ గ్రంథాలయ కమిటీది కాదు.

జవాబు: పర్లాకిమిడి నుంచి

చర్చ తేలేలోగా కాగితాన్ని కాపాడండి. గుండుపిన్నులు, స్టేపుల్స్ తుప్పు పడతాయి, నెమ్మదిగా తీసేయండి. లామినేషన్ ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. జిరాక్సు పేజీలను మామూలు ప్లాస్టిక్ కవర్లలో పెడితే అక్షరాలు కవరుకు అంటుకుపోతాయి, కనుక మధ్య ఆమ్లం లేని కాగితం వేసి, అట్టపెట్టెలో పడుకోబెట్టండి. స్కాన్ ప్రతులను ఉచిత క్లౌడ్ ఖాతాలో పెట్టకండి. రెండు హార్డ్‌డిస్కులు కొని వేర్వేరు ఇళ్లలో ఉంచండి.

ప్రశ్న వేసిన బరంపురం పాఠకుడు

అందరికీ నమస్కారం. రాయగడ అక్కగారు చెప్పిన మీదట, కమిటీ సమావేశం కంటే ముందు పెద్ద గురువుల దగ్గరకు పెట్టెతో సహా వెళ్లాలని నిశ్చయించాము. వారు వద్దన్న సంచికలను వారికే అప్పగిస్తాము. స్కాన్ పని మొదలవుతుంది గాని, చిరునామాలున్న ఉత్తరాలు, జాతర ఫోటో ఎవరికీ చూపము. పరిశోధకులకు ప్రస్తుతానికి సూచిక మాత్రమే ఇస్తామని చెప్పాము. ఒకరు నొచ్చుకున్నారు, అయినా ఇందులో మార్పు లేదు.

సూరత్‌లో మన వైపు నుంచి వెళ్లి స్థిరపడిన ట్రాన్స్ మహిళలతో పరిచయం ఉన్నవారు నాకు విడిగా సందేశం పంపండి. పేర్లు, ఫోన్ నంబర్లు మాత్రం దయచేసి ఇక్కడ రాయకండి.