9.9 ఇంజనుకు 11 పిచ్ ప్రొపెల్లర్ తీసి 8 వేయవచ్చా?

ఉప్పాడ కెరటం
అందరికీ నమస్కారం. మాది 28 అడుగుల ఫైబర్ బోటు. కిందటేడు 9.9 హార్స్‌పవర్ ఫోర్ స్ట్రోక్ అవుట్‌బోర్డ్ ఇంజను ఒకటి వాడినది కొన్నాను. పొడవు షాఫ్టు. దానితో వచ్చిన ప్రొపెల్లర్ మీద 9¼ × 11 అని ఉంది. తెల్లవారుజామున ఖాళీగా వెళ్లేటప్పుడు బాగానే లాగుతుంది. వల, ఐసు, చేప, నలుగురు మనుషులతో తిరిగి వచ్చేటప్పుడు హ్యాండిల్ చివరిదాకా తిప్పినా ఇంజను మూలుగుతుందే తప్ప ఊపందుకోదు. కిందటి నెలలో ఒడ్డు దగ్గర రెండు కెరటాల మధ్య ఇరుక్కుపోయాం. వెనక కెరటం వచ్చేలోపు బోటు ముందుకు దూకలేదు. సగం బోటు నీళ్లు. ప్రాణాలతో బయటపడ్డాం, వల పోయింది.

9 వేయాలా, 8 వేయాలా? అల్యూమినియమా, స్టీలా? ఏప్రిల్ 15న వేట నిషేధం మొదలవుతుంది. ఆలోపు వేసి చూసుకోవాలి.

మొగదారి
9 వేయండి. మా రేవులో అందరివీ 9లే.

గేర్‌బాక్స్
అందరూ వేశారని వేయడం కాదు. ముందు ఇంజను నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో తెలియాలి.

9¼ అంటే రెక్కలు గీసే వృత్తం వ్యాసం, అంగుళాల్లో. 11 అంటే చెక్కలో మర దిగినట్లు నీటిలో దిగితే ఒక చుట్టుకు ఎన్ని అంగుళాలు ముందుకు పోతుందో ఆ లెక్క, దాన్నే పిచ్ అంటారు. నీరు చెక్క కాదు కనుక అంత పోదు. మీ ఇంజనుతో వచ్చిన పుస్తకంలో హ్యాండిల్ పూర్తిగా తిప్పినప్పుడు ఎంత తిరగాలో ఉంటుంది. ఈ తరహా ఫోర్ స్ట్రోక్ ఇంజన్లలో ఎక్కువ వాటికి 5,000 నుంచి 6,000. బరువుతో అంతకంటే తక్కువ తిరుగుతుంటే ఘాట్ రోడ్డును టాప్ గేరులో ఎక్కిస్తున్నట్లే. పిస్టన్ వేడెక్కుతుంది, మసి పేరుకుంటుంది, ప్లగ్గులు నల్లబడతాయి. పిచ్ ఒక అంగుళం తగ్గిస్తే సుమారు 150 నుంచి 200 చుట్లు పెరుగుతాయి.

ప్లగ్గు వైరుకు చుట్టి చూసే చిన్న మీటరు దొరుకుతుంది. ఎవరినైనా అడిగి తెచ్చుకోండి. ఖాళీగా ఒకసారి, పూర్తి బరువుతో ఒకసారి చూడండి. ప్రొపెల్లర్ పైన అడ్డంగా ఉండే పలక బోటు అడుగుతో సమానంగానో, ఒక అంగుళం కిందో ఉందా అన్నది కూడా చూడండి. అది పైకి ఉంటే పైనుంచి గాలి పీల్చుకుంటుంది, ఏ పిచ్ వేసినా ఉపయోగం ఉండదు.

కొయ్యతెప్ప
తమ్ముడూ, 11 తీయవద్దు. ముప్ఫై ఏళ్లుగా ఇంజను పట్టుకున్న చేయి చెబుతోంది. పిచ్ తగ్గిస్తే ఇంజను గోల పెరుగుతుంది, పెట్రోలు పెరుగుతుంది, దారి మాత్రం అంతే. సముద్రానికి మీటరు పెట్టి చూసేవాళ్లు సముద్రం మీదికి రారు.

గేర్‌బాక్స్
బాబాయ్, సముద్రానికి కాదు, ఇంజనుకు పెట్టమన్నాను.

ఉప్పాడ కెరటం
మీటరు దొరికింది. ఖాళీగా ఇద్దరం వెళ్లినప్పుడు 5,100. నిన్న పూర్తి బరువుతో వస్తూ చూస్తే 4,400 దాటలేదు. ఫోనులో చూస్తే వేగం గంటకు 11 కిలోమీటర్లు. పలక అడుగుకు ఒక అంగుళం కిందే ఉంది. పుస్తకంలో 5,000 నుంచి 6,000 అనే ఉంది.

గేర్‌బాక్స్
మరి ఇంకేం కావాలి? 9 వేస్తే బరువుతో 4,800 దగ్గర ఆగుతుంది, ఇంకా తక్కువే. 8 వేస్తే బరువుతో 5,000కు వస్తుంది, ఖాళీగా 5,700. రెండూ హద్దులోనే ఉన్నాయి. మీకు 8.

డల్లాస్ చెరువు
ఇక్కడ అమెరికాలో, డల్లాస్ దగ్గరి లూయిస్‌విల్ సరస్సులో నాకు 16 అడుగుల అల్యూమినియం బోటు ఉంది. ఒక లెక్క చెబుతాను. మీ గేరు 2.08 అయితే, అంటే ఇంజను 2.08 చుట్లకు ప్రొపెల్లర్ ఒక చుట్టు తిరిగితే, 4,400 చుట్లకు, 11 పిచ్‌కు కాగితం మీద గంటకు 35.5 కిలోమీటర్లు రావాలి. మీకు వస్తున్నది 11. అంటే జారుడు 69 శాతం! నా బోటుకు 12 శాతం. 15 దాటితే ఇక్కడ ప్రొపెల్లర్ పాడైందనే అంటారు. మీది అరిగిపోయి ఉంటుంది. స్టీలు వేయండి, పిచ్ జోలికి పోవద్దు.

గేర్‌బాక్స్
మీ బోటు వేగం పుంజుకోగానే నీటి మీదికి లేచి జారుతుంది. వీరిది నీటిని దున్నుకుంటూ పోతుంది. నీటిలో మునిగే పొడవు 26 అడుగులు అనుకోండి. దాని వర్గమూలం 5.1, దాన్ని 1.34తో గుణిస్తే 6.8 నాట్లు, అంటే గంటకు 12.6 కిలోమీటర్లు. బరువుతో ఉన్న బోటుకు దాదాపు అదే హద్దు. అది దాటించాలని చూస్తే ఇంజను బలమంతా ముందున్న అలను పెంచడానికే పోతుంది. వీరు 11లో ఉన్నారు, హద్దుకు దగ్గరలోనే. అందుకే జారుడు అంత కనబడుతోంది, రెక్క పాడై కాదు.

డల్లాస్ చెరువు
69 శాతం 69 శాతమే. అలను పెంచినా, నీటిని చిలికినా ఆ పెట్రోలు వృథాయేగా.

గేర్‌బాక్స్
వృథా కాదని నేను అనలేదు. మీ లెక్కే మళ్లీ చేయండి. 8 పిచ్, 5,000 చుట్లు, అదే 11 కిలోమీటర్ల వేగం పెట్టండి. కాగితం మీద 29.3 వస్తుంది, జారుడు 62కు దిగుతుంది. మీ లెక్క నా మాటనే బలపరుస్తోంది. నెమ్మదిగా పోయే బరువు బోటుకు వ్యాసం ఎక్కువ, పిచ్ తక్కువ ఉండాలి. వ్యాసం పెంచడానికి ఈ ఇంజనులో చోటు లేదు కనుక పిచ్ తగ్గించమంటున్నాను.

డల్లాస్ చెరువు
62 కూడా ఎక్కువే. రెక్క అంచుల ఫోటో పెట్టమనండి.

భీమిలి ఒడ్డు
స్టీలు మాట మాత్రం వద్దు. మావాడు స్టీలు వేసి ఇసుక మేట మీదికి ఎక్కించాడు. రెక్కకు గీత పడలేదు, లోపల గేరు పళ్లు పోయాయి.

ఉప్పాడ కెరటం
రెక్క అంచులు కొంచెం గుండ్రంగా అరిగాయి, రోజూ ఇసుక మీదికి లాగుతాం కదా. వంకర లేదు.

కొయ్యతెప్ప
నా మాటకు ఎవరూ జవాబు చెప్పలేదు. ఆ మీటరు నమ్మదగినదేనా? ఫోర్ స్ట్రోక్ ఇంజన్లలో ప్లగ్గు రెండు చుట్లకు ఒకసారి మండేవి ఉన్నాయి, ప్రతి చుట్టుకూ మండేవి ఉన్నాయి. మీటరులో దానికి తగ్గట్టు మార్చాలి. మార్చకపోతే అంకె తప్పు. తప్పు అంకె పట్టుకుని బోటుకు మందు రాస్తున్నారు.

గేర్‌బాక్స్
ఆ తప్పు జరిగితే అంకె రెట్టింపో, సగమో వస్తుంది. 8,800 చూపాలి, లేదా 2,200 చూపాలి. 4,400 చూపింది. కొంచెం తప్పు చూపే దారే లేదు.

కొయ్యతెప్ప
మీటరు చవకది కావచ్చు.

గేర్‌బాక్స్
చవకదే అనుకుందాం. ఖాళీగా, బరువుతో ఒకే మీటరు 700 తేడా చూపింది. బోటు బరువుకు ఇంజను కుంగుతోందని తెలియడానికి అది చాలదా? కెరటాల మధ్య ఆ అబ్బాయి బోటు ఎందుకు అందుకోలేదో మీరు ఒక్కసారైనా చెప్పారా? వెనకభాగం కెరటం మీద లేచినప్పుడు ప్రొపెల్లర్ గాలిలో తిరుగుతుంది. మళ్లీ నీటిలో పడగానే గట్టిగా పట్టాలి. పిచ్ ఎక్కువైతే అక్కడే ఇంజను గొంతు పట్టినట్లు ఆగుతుంది. 8 అయితే వెంటనే తోస్తుంది. నలుగురు మనుషులు ఉన్న బోటు అది. మీటరు ధర మాట్లాడుతున్నారు మీరు.

కొయ్యతెప్ప
మనుషుల సంగతి నాకు చెబుతారా? నా తమ్ముడిని ఆ కెరటాల్లోనే పోగొట్టుకున్నాను. అప్పుడు ఇంజను కూడా లేదు, కొయ్యతెప్ప. కెరటం దాటడం ప్రొపెల్లర్ వల్ల రాదు. మూడు కెరటాలు లెక్కపెట్టి నాలుగో దాని వెనక పోవడం తెలియాలి.

మెకానిక్ గారూ, మీ దగ్గరికి వచ్చేది చెడిపోయిన ఇంజనే. అందుకే మీకు ఇంజనే కనబడుతుంది. నాలుగేళ్ల క్రితం మా బోటు యజమానికి ఒక మెకానిక్ మీలాగే చెప్పాడు. 11 తీసి 8 వేయించాడు. ఇంజను చల్లగా ఉంది, నిజం. మరమ్మతు ఖర్చు తగ్గింది, నిజం. రోజుకు నాలుగు లీటర్లు ఎక్కువ పోశాం. ఆ నాలుగు లీటర్లు ఎవరివి? చేప అమ్మగానే ముందు పెట్రోలు, ఐసు తీసేస్తారు. మిగిలిన దానిలో వాటాలు. అంటే పెట్రోలు అందరి నెత్తిన. ఇంజను మరమ్మతు యజమాని ఒక్కడిది. తన ఖర్చును తీసి మా వాటాలో కలిపాడు. రెండు సీజన్లు అలా తిన్నాం. అడిగితే పుస్తకంలో 5,000 ఉండాలని రాసి ఉందన్నాడు. మీరు ఆ పుస్తకమే చూపుతున్నారు.

మొగదారి
ఇది మా రేవులోనూ ఉంది.

గేర్‌బాక్స్
ఈ సంగతి మొదటే చెప్పి ఉంటే మీటరు గురించి ఇంతసేపు కొట్టుకునేవాళ్లం కాదు.

నాలుగు లీటర్లు ఎక్కువ పోశారంటే నమ్ముతాను. హ్యాండిల్ చివరిదాకా తిప్పి ఉంచితే 8 మీద ఇంజను ఎక్కువ తిరుగుతుంది, పూర్తి బలం తీస్తుంది, గంటకు ఎక్కువ తాగుతుంది. 11 మీద అది తిరగలేకపోయేది కనుక తాగలేకపోయేది. 8 వేసిన రోజు నుంచి హ్యాండిల్ కొంచెం వెనక్కి పెట్టి పాత వేగంతోనే పోవాలి. ఇంజను పట్టుకునేవాడికి అది ఎవరైనా చెప్పారా?

కొయ్యతెప్ప
ఎవరూ చెప్పలేదు. ఒడ్డున చేపల వేలం పాటకు ముందు చేరితేనే ధర. వెనక్కి పెట్టు అంటే ఎవడు పెడతాడు? పక్క బోటు ముందుకు పోతుంటే?

గేర్‌బాక్స్
అది ప్రొపెల్లర్ తప్పు కాదు.

కొయ్యతెప్ప
తప్పు ఎవరిదైనా డబ్బు మాది.

డల్లాస్ చెరువు
పెట్రోలు వాటాల్లో నుంచి తీస్తారని నాకు తెలియదు. నేను నా బోటులో నా పెట్రోలే పోసుకుంటాను. స్టీలు మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఆ ఇసుక మీద అల్యూమినియమే సరి, రెక్క వంగి గేరును కాపాడుతుంది. జారుడు లెక్క మాత్రం తప్పు కాదు.

నిర్వాహకుడు
ఒకరి వృత్తిని ఒకరు తక్కువ చేసే మాటలు ఇక ఆపండి. ప్రశ్న అడిగిన వారు సమాధానం కోసం చూస్తున్నారు.

ఉప్పాడ కెరటం
అన్నీ చదివాను. నేను ఇక్కడ ఒక మాట దాచాను. బోటు నాది. యజమాని వాటా తీసుకునేది నేను. ఇంజను నడిపేది మా మేనమామ. ఆయన కూడా 11 తీయవద్దనే అన్నారు. ఎందుకని అడిగితే చెప్పలేదు, అలవాటు అని వదిలేశారు. పెద్దాయన రాసింది నిన్న రాత్రి మామయ్యకు చదివి వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మీ నాన్న ఉన్నప్పుడు పెట్రోలు డబ్బా మీద గీత పెట్టేవాడు, నువ్వు పెట్టడం లేదు" అన్నారు. నాకు చాలా సిగ్గనిపించింది.

అల్యూమినియం 8 ఒకటి తీసుకుంటున్నాను. 11ను బోటులోనే అదనంగా ఉంచుతాను, దానితో స్పానరు, నట్టు ఊడకుండా పెట్టే కాటర్ పిన్నులు రెండు. నిషేధానికి ముందు ఇంకా పన్నెండు రోజులు ఉన్నాయి. ఆరు రోజులు 11 మీద, ఆరు రోజులు 8 మీద ఒకే చోటికి వెళ్లి లీటర్లు కొలుస్తాం. 8 మీద పెరిగితే ఆ పెరిగిన లీటర్లు నా వాటాలో నుంచి తీస్తానని మామయ్యకు చెప్పాను.

గేర్‌బాక్స్
మంచి పని. ప్రొపెల్లర్ తీసినప్పుడు వెనక వైపు షాఫ్టుకు వల దారం చుట్టుకుందేమో చూడండి. నీళ్లు గేరులోకి పోకుండా ఆపే సీలును అది కోసేస్తుంది. గేరు ఆయిలు పాలలా తెల్లగా ఉంటే లోపలికి నీళ్లు పోయినట్లే. అప్పుడు పిచ్ పరీక్ష ఆపి ముందు సీలు మార్పించండి.

ఒక సంగతి ఒప్పుకుంటున్నాను. పదిహేనేళ్లలో ఎన్నో బోట్లకు పిచ్ తగ్గించాను. పెట్రోలు ఎవరు పోస్తారని ఏ ఒక్కరినీ అడగలేదు.

కొయ్యతెప్ప
తమ్ముడూ, కొలత రోజుల్లో పోటు, గాలి ఒకేలా ఉండవు. మొదటి ఆరు రోజులు ఒకటి, తర్వాత ఆరు రోజులు ఇంకొకటి అంటే లెక్క తప్పుతుంది. ఒక రోజు 11, మరుసటి రోజు 8 మార్చి మార్చి వేయండి. మరలు విప్పడం పది నిమిషాల పని.

ఇంకొకటి. లీటర్లు మీ మామయ్య రాయాలి, మీరు రాయకూడదు. మిగతా ముగ్గురూ చూస్తుండగా రాయాలి.

ఉప్పాడ కెరటం
అలాగే పెద్దాయనా. రేపు 11తో వెళ్తున్నాం. గీత మామయ్యే పెట్టారు.