డౌన్‌టౌన్ సుషీ రెస్టారెంట్‌లో టీమ్ డిన్నర్, నేను శాకాహారిని. ఏం తినాలి?

తెనాలి_టు_సియాటిల్:
అందరికీ నమస్కారం అండీ. సియాటిల్ వచ్చి మూడు వారాలైంది. వచ్చే గురువారం సాయంత్రం మా టీమ్ అంతా డౌన్‌టౌన్‌లో ఒక సుషీ (అన్నం, ఎక్కువగా పచ్చి చేపతో చేసే జపాన్ వంటకం) రెస్టారెంట్‌కు వెళ్తున్నారు. నేను మాంసం, చేప, గుడ్డు తినను. పాలు, పెరుగు పర్వాలేదు. మెనూ ఆన్‌లైన్‌లో చూస్తే సగం పేర్లు అర్థం కాలేదు. చాప్‌స్టిక్స్ పట్టుకోవడం రాదు. కొత్త ఉద్యోగం, మొదటి నెలలోనే రానంటే ఏమనుకుంటారో అని భయంగా ఉంది. అక్కడ నేను తినగలిగేవి ఏమైనా ఉంటాయా? టెన్షన్‌తో రెండు రోజులుగా ఇదే ఆలోచన.

రెంటన్_పాతకాపు:
వెళ్లమ్మా, ఏం భయం లేదు. అమెరికా వచ్చి 22 ఏళ్లయింది, ఇలాంటి డిన్నర్లు ఎన్నో చూశాను. ముందు పార్కింగ్ సంగతి చెప్తాను. కారు తీసుకెళ్లొద్దు. డౌన్‌టౌన్ ప్రైవేట్ లాట్లలో మనిషి ఉండడు, ఫోన్‌లో డబ్బు కట్టాలి. ఒకసారి నేను కారు నంబర్‌లో సున్నాకు బదులు ఇంగ్లిష్ 'O' అక్షరం కొట్టాను. కట్టిన రసీదు చేతిలో ఉన్నా ఇంటికి నోటీసు వచ్చింది. రెండు నెలలు ఈమెయిళ్లు రాస్తే గానీ తీసేయలేదు. ఆఫీసు వాళ్లు ఓర్కా అనే బస్సు, రైలు కార్డు ఇచ్చి ఉంటారు, బస్సులో వెళ్లు.

తిండికొస్తే కాలిఫోర్నియా రోల్ తీసుకో. రోల్ అంటే అన్నాన్ని సముద్రపు నాచుతో చుట్టి ముక్కలుగా కోసేది. అందులో పీత నిజమైనది కాదు, నకిలీ. మా ఇంట్లో పిల్లలు అదే తింటారు. టిప్పు 20 శాతానికి తగ్గకుండా ఇవ్వాలి. పాపం వాళ్లకు గంటకు రెండు డాలర్ల చిల్లర జీతం, టిప్పు మీదే బతుకుతారు.

కర్క్‌లాండ్_అక్క:
అన్నయ్యా, ఆ అమ్మాయి శాకాహారి అని స్పష్టంగా రాసింది కదా! కాలిఫోర్నియా రోల్‌లో ఉండే నకిలీ పీతను సురిమి అంటారు. అది చేప. ఎక్కువగా అలాస్కా పొలాక్ చేపను రుబ్బి, గుడ్డు తెల్లసొన, పిండి, రంగు కలిపి చేస్తారు. పీత కాకపోయినంత మాత్రాన కూరగాయ అయిపోదు. చాలాచోట్ల ఆ రోల్ పైన నారింజ రంగు పూసల్లా చల్లేవి కూడా చేప గుడ్లే. చెల్లీ, దాని జోలికి వెళ్లకు.

నీకు ఒక్క మాట గట్టిగా చెప్పాలి. అక్కడ "ఇది వెజిటేరియనా?" అని అడగకు. "ఇందులో దాషీ ఉందా? బోనిటో ఉందా?" అని అడుగు. ఈ తేడా తెలియక మా నాన్నగారి విషయంలో నేను పెద్ద తప్పు చేశాను.

నాన్నగారు రిటైరయ్యాక మొదటిసారి మా దగ్గరికి వచ్చారు. కార్తీక మాసం. ఆ నెలంతా ఆయన ఉల్లిపాయ కూడా ముట్టరు. వాటర్‌ఫ్రంట్ చూపించి వస్తుంటే వాన, చలి. వేడిగా ఏదైనా తాగితే బాగుంటుందన్నారు. దగ్గరలో ఒక జపనీస్ రెస్టారెంట్ కనిపిస్తే వెళ్లాం. మిసో సూప్ చెప్పాను. సోయాబీన్స్ పులియబెట్టిన ముద్దతో చేస్తారని చదివాను, అంతే నాకు తెలిసింది. ఉల్లికాడలు వేయొద్దని ప్రత్యేకంగా చెప్పాను. వెజిటేరియనేనా అని రెండుసార్లు అడిగాను. "అవునండీ, టోఫూ, సముద్రపు నాచు మాత్రమే" అన్నాడు వడ్డించే అబ్బాయి. టోఫూ అంటే సోయా పాలతో చేసే పన్నీరు లాంటిది. నాన్నగారికి నచ్చింది. "మన చారులా ఉందమ్మా, వాసనే కొంచెం కొత్తగా ఉంది" అంటూ రెండు గిన్నెలు తాగారు.

తర్వాత వేయించిన టోఫూ వచ్చింది. దాని మీద పల్చటి గోధుమరంగు పొరలు, ఆవిరికి కదులుతున్నాయి. "ఇవేమిటమ్మా, ప్రాణమున్నట్టు కదులుతున్నాయి?" అన్నారు. పిలిచి అడిగితే బోనిటో, చేప పొరలు అన్నాడు. నాకు గుండె ఆగినంత పనైంది. సూప్ దేంతో కాచారని అప్పుడు అడిగాను. దాంతోనే అన్నాడు. మేనేజర్ వచ్చి టోఫూ డబ్బులు తీసేస్తానన్నారు గానీ, సూప్‌లో చేప ముక్క లేదు కదా, అది ఉత్త రసం కదా అని వాదించారు. పావుగంట నిలబడి మాట్లాడినా తప్పు జరిగిందని ఒప్పుకోలేదు. బిల్లు చూస్తే 18 శాతం సర్వీస్ చార్జీ కూడా వేశారు.

నాన్నగారు నన్ను ఒక్క మాట అనలేదు. మర్నాడు తెల్లవారుజామున తలస్నానం చేసి రోజంతా ఏమీ తినలేదు. తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది.

ఆ తర్వాత కూర్చుని నేర్చుకున్నాను. దాషీ అంటే వాళ్ల వంటకు ఆధారమైన రసం. కొంబు అనే సముద్రపు నాచు, కత్సుఓబుషి వేసి తీస్తారు. కత్సుఓబుషి అంటే బోనిటో చేపను ఉడికించి, పొగబెట్టి, కట్టెలా ఎండబెట్టి చెక్కిన పొరలు. మన వంటలో పోపు ఎంత మామూలో వాళ్ల వంటలో ఇది అంత మామూలు, అందుకే విడిగా చెప్పాలని వాళ్లకు తోచదు. మిసో సూప్, ఉడోన్ నూడుల్స్, టెంపురా (మన బజ్జీల్లాంటివి) ముంచుకునే సాస్, గుడ్డట్టు అన్నిటిలో ఉంటుంది. ఇనారి అని తియ్యటి టోఫూ సంచుల్లో అన్నం పెట్టి ఇస్తారు, చూడటానికి పూర్తిగా శాకాహారమే. ఆ సంచులను చాలాచోట్ల దాషీలోనే ఉడికిస్తారు. కాన్‌ప్యో అనే ఎండు సొరకాయ పేలికల రోల్ కూడా అంతే. టెంపురా పిండిలో సాధారణంగా గుడ్డు ఉంటుంది, పైగా రొయ్యలు వేయించిన నూనెలోనే కూరగాయలూ వేయిస్తారు.

నువ్వు నిశ్చింతగా తినగలిగేవి: ఎదమామె, అంటే ఉప్పు వేసి ఉడికించిన పచ్చి సోయా కాయలు. మనం కందికాయలు ఉడకబెట్టి పళ్లతో గింజలు లాక్కుని తిన్నట్టే. దోసకాయ రోల్, కప్పా మాకి అంటారు. అవకాడో రోల్. అన్నంలో వెనిగర్, చక్కెర, ఉప్పు ఉంటాయి. కొందరు మిరిన్ అనే బియ్యపు మద్యం కూడా కలుపుతారు, పట్టింపు ఉంటే అడుగు. చాకు, పలక కడిగి కోయమని చెప్తే మంచి చోట్ల కాదనరు. ఇదంతా ఆ సాయంత్రం అందరి ముందు అడగక్కర్లేదు. మధ్యాహ్నం మూడింటికి ఫోన్ చెయ్యి, అప్పుడు వాళ్లకు తీరిక ఉంటుంది.

గోదావరి_టు_ఇసాక్వా:
అక్క చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. శాకాహారులకు చెప్పడం అయింది కాబట్టి చేప తినే కొత్తవాళ్ల కోసం నేను రాస్తాను, చాలామంది అడగడానికి మొహమాటపడతారు. మాది రాజోలు దగ్గర. పులుసు పెట్టని చేప ఒకటుంటుందని ఇక్కడికి వచ్చేదాకా నాకు తెలియదు. మొదటిసారి పచ్చి సాల్మన్ ముందు పెడితే చెయ్యి ముందుకు పోలేదు. ఇప్పుడు ఇష్టంగా తింటాను. పులస సముద్రం నుంచి గోదావరికి ఎదురీదినట్టే ఇక్కడ సాల్మన్ గుడ్లు పెట్టడానికి సముద్రం నుంచి వాగుల్లోకి ఎదురీదుతుంది. సెప్టెంబరు, అక్టోబరులో ఇసాక్వా హేచరీ దగ్గర నిలబడితే కళ్లారా చూడొచ్చు. మొదటి ఏడాది చూసినప్పుడు మా ఊరు గుర్తొచ్చి చాలాసేపు అక్కడే ఉండిపోయాను.

కానీ ఒక జాగ్రత్త. మార్కెట్‌లో తాజా సాల్మన్ కొని ఇంట్లో పచ్చిగా తినకండి. సముద్రంలో పట్టిన సాల్మన్‌లో పురుగులు ఉండొచ్చు. పచ్చిగా వడ్డించే చేపను మైనస్ 20 డిగ్రీల దగ్గర ఏడు రోజులు, లేదా మైనస్ 35 దగ్గర గట్టిపడ్డాక 15 గంటలు ఉంచాలని ఎఫ్‌డీఏ (అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ) చెప్తుంది. ట్యూనా లాంటి కొన్నిటికి మినహాయింపు ఉంది. మన ఇంటి ఫ్రీజర్ మైనస్ 18 దగ్గరే ఆగిపోతుంది, అది చాలదు. మా రూమ్మేట్ ఒకతను "తాజాదే కదా" అని తిని మూడు రోజులు కడుపునొప్పితో పడ్డాడు. గర్భిణులు పచ్చి చేప మానేయాలి.

బోతెల్_నుంచి:
నేను యోకొహామాలో నాలుగేళ్లు పనిచేసి ఇక్కడికి వచ్చాను. చాప్‌స్టిక్స్ గురించి దిగులు వద్దమ్మా. సుషీని చేత్తో తినొచ్చు, జపాన్‌లోనూ తింటారు. చేతులు తుడుచుకోవడానికి ముందుగా వేడి తడి తువ్వాలు కూడా ఇస్తారు. ముఖ్యంగా చెయ్యకూడనివి రెండు. చాప్‌స్టిక్స్‌ను అన్నంలో నిలువుగా గుచ్చొద్దు, చనిపోయినవారికి పెట్టే అన్నంలో అలా గుచ్చుతారు. ఒకరి చాప్‌స్టిక్స్ నుంచి ఇంకొకరి చాప్‌స్టిక్స్‌కు తిండి అందించొద్దు. దహనం తర్వాత వాళ్లు ఎముకలను అలా అందించుకుంటారు. మన అస్థిసంచయనం గుర్తు తెచ్చుకుంటే అది వాళ్లకు ఎందుకు అంత కష్టమో తెలుస్తుంది.

పచ్చటి ముద్ద వసాబి. చట్నీ అనుకుని చెంచాడు నోట్లో పెట్టుకోవద్దు. చాలాచోట్ల అది నిజమైన వసాబి కాదు, హార్స్‌రాడిష్, ఆవపిండి, రంగు. ఆవకాయ కలిపేటప్పుడు ముక్కులోకి ఎక్కే ఘాటు ఉంటుందే, అదే ఘాటు. వసాబి మొక్క కూడా ఆవాల కుటుంబమే. పక్కన గులాబీ రంగులో ఉండేది ఊరబెట్టిన అల్లం, ఒక రకానికీ ఇంకో రకానికీ మధ్య నోరు శుభ్రం కావడానికి. సోయా సాస్‌లో వసాబి కలిపేయకుండా ముక్క మీద కొంచెం పెట్టుకోవాలి.

రెంటన్_పాతకాపు:
సురిమి సంగతి నాకు తెలియదమ్మా, పొరపాటు నాదే. ఇన్నేళ్లూ మా అత్తగారికి అదే పెట్టాం, ఈ రాత్రి ఆవిడకు ఎలా చెప్పాలో ఆలోచిస్తున్నాను. కానీ బోతెల్ గారూ, ఆఫీసు వాళ్ల మధ్య చేత్తో తినమని చెప్పడం సరికాదు. జపాన్ పద్ధతి జపాన్‌లో. ఇక్కడ టేబుల్ మీద అందరూ చాప్‌స్టిక్స్ పట్టుకుంటే కొత్త పిల్ల చేత్తో తింటూ కనిపించాలా? ఫోర్క్ అడగమనండి. సోయాలో వసాబి కలపడం కూడా ఇక్కడ అందరూ చేస్తారు, నేనూ చేస్తాను.

బోతెల్_నుంచి:
చేత్తో తినడం తక్కువ అని మనమే అనుకుంటే ఎలా సార్? సుషీ మాస్టర్ ఎదురుగా కౌంటర్‌లో కూర్చున్న పెద్దవాళ్లు కూడా చేత్తోనే తినడం నేను రోజూ చూశాను. చాప్‌స్టిక్స్‌తో సరిగ్గా పట్టకపోతే అన్నం విడిపోయి సోయాలో పడుతుంది, అది ఇంకా ఇబ్బంది. ఫోర్క్ అడిగినా తప్పు లేదు, ఒప్పుకుంటాను. చెయ్యి మాత్రం తప్పు అనకండి.

కర్క్‌లాండ్_అక్క:
ఈ విషయంలో నేను బోతెల్ వైపు. ఇంకొకటి, రెంటన్ అన్నయ్య చెప్పిన రెండు డాలర్ల చిల్లర జీతం మన రాష్ట్రానిది కాదు. అది ఫెడరల్ లెక్క, గంటకు 2.13 డాలర్లు, టెక్సస్ లాంటి చోట్ల. వాషింగ్టన్ రాష్ట్రంలో టిప్పును కనీస వేతనంలో కలపకూడదు. సియాటిల్‌లో 2025లో కనీస వేతనం గంటకు 20.76 డాలర్లు.

రెంటన్_పాతకాపు:
నేను మొదట పదేళ్లు డాలస్‌లో ఉన్నాను, ఆ అలవాటు మాట. అయినా ఈ ఊళ్లో అద్దెలు చూస్తే 20 డాలర్లు ఏ మూలకి? నేను మాత్రం 20 శాతం ఇస్తాను.

కర్క్‌లాండ్_అక్క:
ఇవ్వండి, వద్దనను. బిల్లు చూసి ఇవ్వండి అంటున్నాను. సర్వీస్ చార్జీ వేస్తే అందులో ఎంత శాతం వడ్డించేవాళ్లకు వెళ్తుందో మెనూలోనూ రసీదులోనూ రాయాలని ఇక్కడి చట్టం. మా నాన్నగారితో వెళ్లిన రోజు నాకది తెలియక 18 శాతం మీద ఇంకో 15 శాతం పెట్టాను. టిప్పు లెక్క పన్ను వేయక ముందు మొత్తం మీద వేసుకో చెల్లీ, ఇక్కడ పన్నే పది శాతం దాటుతుంది. టీమ్ డిన్నర్ అయితే నీకు ఆ అవసరమే రాకపోవచ్చు.

తెనాలి_టు_సియాటిల్:
అందరికీ చాలా థాంక్స్ అండీ. నిన్న వెళ్లొచ్చాను. మధ్యాహ్నం మూడింటికి ఫోన్ చేసి అక్క చెప్పినట్టే దాషీ గురించి అడిగాను. ఫోన్ ఎత్తినావిడ ఒక్క నిమిషం ఆగమని వంటింట్లో కనుక్కుని వచ్చారు. మిసో సూప్, ఇనారి, కాన్‌ప్యో మూడింటిలోనూ బోనిటో ఉందట. మెనూలో ఇనారి పక్కన ఆకుపచ్చ ఆకు గుర్తు ఉంది! ఫోన్ చేయకపోతే అదే చెప్పేదాన్ని. రోల్స్ అన్నంలో మిరిన్ లేదన్నారు. ముందే చెప్పాను కాబట్టి కొంబు ఒక్కదానితో చిన్న గిన్నెడు సూప్ విడిగా చేసిపెట్టారు.

ఎదమామె, దోసకాయ రోల్, అవకాడో రోల్ తిన్నాను. చాప్‌స్టిక్స్‌తో మొదటి ముక్క జారిపోయింది, రెండోది చేత్తో తీసుకున్నాను. మా మేనేజర్ చూసి తనూ చేత్తోనే తిన్నారు. పక్కన కూర్చున్న కొలీగ్‌కు రొయ్యలు, పీతలు పడవట, ఆయన కూడా ప్రతి ప్లేటూ నాలాగే అడిగి తిన్నారు. వసాబి ఆవగింజంత పెట్టుకున్నా కళ్లలో నీళ్లొచ్చాయి, అచ్చం మా అమ్మమ్మ ఆవకాయ కలిపే రోజే.

కర్క్‌లాండ్_అక్క:
కొంబుతో సూప్ చేసిచ్చారా! ఆ రెస్టారెంట్ పేరు నాకు విడిగా పంపు చెల్లీ. మే నెలలో నాన్నగారు మళ్లీ వస్తున్నారు.